మా తే మర్మ

పొద్దున మంచం దిగేటప్పుడు మా అమ్మ ఇప్పటికీ నేలకు దండం పెడుతుంది. ‘పాదస్పర్శం క్షమస్వ మే’, కాలు మోపుతున్నాను, మన్నించు తల్లీ అని. ఆ ఇంటివాళ్లమే చేన్లో మూడు బోర్లు వేశాం. మూడోది 800 అడుగులు.

మాది అనంతపురం వైపు. పాయింటు చూడటానికి వచ్చినాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ లేచి నిలబడిన చోట గురుతు పెట్టాడు. పసుపు, కుంకుమ, కర్పూరం అన్నీ అయ్యాయి. కాయ కొట్టి చిప్పలు పక్కన పెట్టామో లేదో రిగ్గు మొదలైంది. కాసేపటికి ఆ చిప్పల్లో తెలుపన్నది కనబడలేదు, బూడిదరంగు రాతిపొడి పేరుకుపోయింది. తెల్లవార్లూ పొడే వచ్చింది. తడి రాలేదు.

అథర్వవేదం 12వ కాండలో మొదటిది భూమిసూక్తం, 63 మంత్రాలు. అందులో 35వది:

యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు
మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్

భూమీ, నీలో నేను తవ్వినది త్వరగా మళ్లీ మొలవాలి. పావనీ, నీ మర్మానికి, అంటే ఆయువుపట్టుకు, నీ గుండెకు నా దెబ్బ తగలకూడదు.

తవ్వనని ఋషి ఒట్టు పెట్టుకోలేదు. దుంపకైనా, మందు వేరుకైనా తవ్వక తప్పదు కదా. నన్ను పట్టుకున్న మాట ‘క్షిప్రం’. మా తాత తవ్వించిన బావి 40 అడుగులు. ఎండాకాలం అడుగంటేది, నాలుగు మంచి వానలు పడితే మళ్లీ ఊరేది. 800 అడుగుల లోతున ఉన్నది గట్టి రాయి. నీళ్లుంటే దాని పగుళ్లలోనే. పైన కురిసిన వాన అక్కడిదాకా దిగాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ‘క్షిప్రం’ అనే మాట అక్కడ ఎట్లా నప్పుతుంది? (2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరుకు అనుమతి ఉండాలి. ఆ మాట ఎత్తితే మా ఊళ్లో నవ్వుతారు.)

నాలుగో పాయింటు పెట్టిద్దామన్నాడు నాయన. నేను వద్దన్నాను. వారం మాటల్లేవు. చివరికి వాలు నీళ్లు పాత బావిలోకి మళ్లేలా కాలువ తీద్దామంటే సరేనన్నాడు. అదీ తవ్వడమే, గడ్డపార దించేటప్పుడు ఈ మంత్రమే చెప్పుకున్నాను. బావి ఇంకా నిండలేదు. మొదటి వాన పడ్డాక మాత్రం తవ్విపోసిన గట్టు మీద గరిక లేచింది.