చెల్లెలి లాప్‌టాప్ తెర: కీలు దగ్గర దొరికిన జబ్బు

ఆదివారం. తిరుపతిలో నాలుగు రోజులుగా ముసురు, కపిలతీర్థం జలపాతం హోరుమంటోంది. బయటికి వెళ్లే వీలు లేదు కాబట్టి చెల్లెలి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండు వారాలుగా తెర రెపరెపలాడుతోంది. ఒక దుకాణంలో విప్పకుండానే ప్యానెల్, అంటే బొమ్మ చూపే తెర పలక, మార్చాలన్నారట. "అన్నా, పరీక్షలు దగ్గరకొచ్చాయి, నువ్వొకసారి చూడు" అంది.

ముందు స్క్రూడ్రైవర్ ముట్టలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, నడుస్తున్న యాప్‌లను చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. అది నిలకడగా ఉండి మిగతాదంతా వణికితే ఏదో యాప్ పని. అదీ వణికితే డ్రైవర్‌ను, అంటే తెరను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అనుమానించాలి. అదీ వణికింది. అయినా డ్రైవర్ జోలికి పోకుండా బయోస్‌లోకి, అంటే లాప్‌టాప్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లాను. విండోస్ ఇంకా మొదలు కాని ఆ తెరమీద కూడా అదే వణుకు. అంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే అరగంట సేపు బొమ్మ కదల్లేదు, గ్రాఫిక్స్ చిప్ కూడా క్షేమమే.

చివరగా తెరను మెల్లగా వెనక్కి వంచాను. నిటారుగా ఉన్నంతసేపూ బాగుంది. కాస్త వాలగానే అడ్డగీతలు! ముందుకు తెస్తే మాయం. ప్యానెల్ పాడైతే వంపును బట్టి ఇంత కచ్చితంగా మారడం అరుదు. అనుమానమంతా కీలు (తెర మడిచే హింజ్) గుండా వెళ్లే డిస్‌ప్లే కేబుల్ మీదికి, అంటే బోర్డు నుంచి తెరకు బొమ్మను చేర్చే తీగల కట్ట మీదికి మళ్లింది.

సోమవారం రాత్రి. చార్జర్ తీసి, పూర్తిగా ఆపి, అడుగు మూత విప్పాను. స్క్రూల పొడవులు వేరు, అందుకే కాగితం మీద మూత బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాను. మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. తెర వెనుక దీపాలకు విద్యుత్తు ఈ డిస్‌ప్లే కేబుల్‌లోనే వెళుతుంది. విద్యుత్తు ఉండగా కేబుల్ లాగితే బోర్డు మీది ఫ్యూజు పోవచ్చు.

పాత ప్లాస్టిక్ కార్డుతో తెర చుట్టూ చట్రం ఊడదీసి, ఎడమ కీలు మీద టార్చి వేశాను. కేబుల్‌కు చుట్టిన నల్లటి గుడ్డ టేపు ఒకచోట అరిగి నూలుపోగులు లేచాయి. లోపల వెంట్రుకంత సన్నని తీగల్లో ఒకదానికి తొడుగు పోయి రాగి మెరుస్తోంది. టేపు చుట్టి సరిపెట్టాలనిపించలేదు, మళ్లీ అక్కడే అరుగుతుంది. కేబుల్ మీది చీటీలో ఉన్న పార్ట్ నంబరుతోనే కొత్తది తెప్పించాను. ఇది 30 పిన్నులది; 40 పిన్నులవీ ఉంటాయి, చూడకుండా కొంటే పనికిరాదు.

శనివారం. కొత్తది పాతదాని దారిలోనే పరిచి, కీలు దగ్గర కొంచెం వదులు ఉంచాను. తెర వెనుక కనెక్టర్‌ను వంకర లేకుండా, రెండు వైపులా సమంగా నెట్టి, పైన పారదర్శక టేపు మళ్లీ అంటించాను. కీలు బిగుతుగా ఉంది, నట్టు పావు చుట్టు వదులు చేశాను. యాభై సార్లు తెరిచి మూశాను. ఒక్క గీత లేదు.

ప్యానెల్ పాతదే. వారం గడిచాక మరోసారి వంచి చూడాలి. అప్పటికి ఫ్యానులో దుమ్ము కూడా తీస్తాను.