చెరువు శికంలో ఏనుగులు

శ్రీలంక సఫారీ ఎలా ఉంది, ఏ పార్కుకి వెళ్లాలి అని వచ్చినప్పటి నుంచి అందరూ అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకన్నా ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. ముందే చెప్పేస్తున్నా, ఒక్క పార్కుకే టైముంటే యాల వదిలేసి మిన్నేరియాకి వెళ్లండి, అదీ ఎండాకాలంలో, అంటే వాళ్లకి జులై నుంచి అక్టోబర్ దాకా అన్నమాట.

మేం పోయిన ఆగస్టులో వెళ్లాం, నేను, మా ఆయన, మా బాబు, మా అమ్మ. మొదట యాలకే వెళ్లాం, ఎందుకంటే ఎవర్ని అడిగినా యాల అనే చెప్పారు. తిస్సమహారామలో రూమ్ తీసుకుని తెల్లారగట్ల చీకట్లోనే జీపెక్కాం, గేటు దగ్గరికెళ్లేసరికే పెద్ద లైను, లైట్ల వెలుతుర్లో దుమ్ము తప్ప ఏం కనపడట్లేదు. గేటు తీయగానే అన్ని జీపులూ లోపలికి ఉరుకుడే. అందరికీ కావాల్సింది చిరుత ఒక్కటే. లంక అడవుల్లో పులుల్లేవు, సింహాల్లేవు, అందుకే అక్కడ అడవికి దొర చిరుతే. మన నల్లమలలో అయితే చిరుత పెద్దపులికి జడిసి చాటుచాటుగా తిరగాలి, ఇక్కడ దానికి ఆ బాధ లేదు కాబట్టి పట్టపగలు కూడా బండరాళ్ల మీద కనపడుతుంది.

మాకూ కనపడింది. మా డ్రైవర్‌కి ఫోన్ రావడం, జీపు గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పోవడం, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం, ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. వెళ్లి చూస్తే మా కంటే ముందే ఇరవై దాకా జీపులు. చెట్టు కొమ్మ మీద నుంచి తోక ఒక్కటే వేలాడుతోంది, చివర్న కొంచెం కదులుతోంది. కాసేపటికి కిందికి దిగింది, రోడ్డు దాటి అటు వెళ్లాలని దాని ఆలోచన, కానీ సందు లేదు. ఒకసారి వచ్చి ఆగింది, వెనక్కెళ్లింది, మళ్లీ ఇంకో పక్క నుంచి వచ్చింది, అక్కడికీ ఒక జీపు వచ్చి నిలబడింది. ఇంక పొదల్లోకి వెళ్లిపోయింది. నాకు చాలా బాధనిపించింది. డ్రైవర్లని ఒక్కళ్లనే అనలేం, చిరుత చూపించకపోతే డబ్బులు దండగ అనే టూరిస్టులం మనమే కదా. తర్వాత పటనంగళ బీచ్ దగ్గర జీపు దిగనిచ్చారు, 2004 డిసెంబర్ సునామీలో పోయినవాళ్ల గుర్తుగా అక్కడ చిన్న స్మారకం ఉంది. అక్కడ నిలబడితే సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు, పొద్దుట్నుంచి మొదటిసారి ప్రశాంతంగా అనిపించింది.

మధ్యలో ఉదవలవెలో ఒక పూట ఆగాం. అక్కడ తల్లి లేని గున్నేనుగుల్ని పెంచే కేంద్రం ఉంది, 1995లో పెట్టారట, టైము ప్రకారం పాలు పట్టి, పెద్దయ్యాక మళ్లీ అడవిలోకే వదిలేస్తారు. మనం దూరం నుంచి చూడాలంతే, ముట్టుకోనివ్వరు, అదే నాకు బాగా నచ్చింది. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక మిన్నేరియా. ఇది చెరువు చుట్టూ ఉన్న పార్కు, ఆ చెరువు మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు కట్టించింది, ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది, అక్కడి జనం ఆ రాజుని మిన్నేరి దేవుడని మొక్కుతారు కూడా. మా అమ్మది నర్సంపేట దగ్గర, పాకాల చెరువు చూస్తూ పెరిగింది. జీపు అడవి దాటి ఒక్కసారిగా నీళ్ల ముందుకి రాగానే అమ్మ లేచి నిలబడి "బిడ్డా, గిది మన పాకాల లెక్కనే ఉన్నది గదనే, శికంల ఎంత గడ్డి మొలిసిందో సూడు" అంది. శికం అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేల, అసలు కిటుకంతా ఆ శికంలోనే ఉంది. ఎండలకి అడవిలో నీటిగుంటలన్నీ ఎండిపోతాయి, చెరువు నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ శికంలో లేత గడ్డి మొలుస్తుంది, చుట్టుపక్కల అడవుల్లో ఉన్న ఏనుగుల గుంపులన్నీ ఆ గడ్డికోసం ఇక్కడికే చేరతాయి. సీజన్ బాగుంటే రెండు మూడొందలు కూడా చేరతాయంటారు. మేం వందదాకా లెక్కపెట్టి ఆపేశాం.

ఇక్కడి డ్రైవర్ చెప్పకుండానే ఇంజన్ ఆపేశాడు. అమ్మ అతన్ని తమ్మీ తమ్మీ అని పిలుస్తుంటే, సింహళంలో తమ్ముణ్ణి మల్లీ అంటారు, అక్కని మాత్రం అక్కా అనే అంటాం అన్నాడు, అమ్మకి ఎంత సంతోషమో. మాకు పది గజాల దూరంలో ఒక ఆడ ఏనుగు మేస్తోంది. ముందుకాలి గోళ్లతో గడ్డి మొదట్లో తన్ని తెంపుతుంది, తొండంతో కట్టలా చుట్టి పట్టుకుని మోకాలికేసి టప్ టప్‌మని కొట్టి మట్టి దులిపి అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది, ప్రతి పిడికా అంతే. దాని కాళ్ల మధ్యలో ఉన్న గున్న కూడా తల్లిని చూసి కాలితో తన్నుతోంది, గడ్డి తెగట్లేదు, తొండం ఎటు తిప్పాలో కూడా తెలియట్లేదు, చివరికి తల్లి నోట్లోంచి వేలాడుతున్న నాలుగు పోచలు లాక్కుని తింది. మా బాబు ఇంట్లో అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోడు, అక్కడ గంటసేపు నోరెత్తలేదు.

ఒక మాట చెప్పాలి. మొరగహకంద రిజర్వాయర్ వచ్చాక మిన్నేరియాలోకి కొన్నేళ్లు ఎండాకాలంలోనూ నీళ్లు వదులుతున్నారని, శికం మునిగితే గడ్డి ఉండదని, అప్పుడు ఏనుగులు రావని డ్రైవర్ దిగులుగా చెప్పాడు. రైతులకీ నీళ్లు కావాలి, కాదనలేం, కానీ నీళ్లు వదిలే తేదీలు చూసుకునేటప్పుడు ఆ గడ్డిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అందుకే మీరు మిన్నేరియా దగ్గరి ఊరు హబరణలో దిగాక ముందే మిన్నేరియా టికెట్ కొనేయకండి, గుంపులు ఇవ్వాళ ఎక్కడున్నాయని అక్కడి జీపులవాళ్లని అడగండి, పక్కనే కౌడుల్ల పార్కు ఉంది, కొన్ని రోజులు అన్నీ అక్కడే ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే సరిపోతుంది. ఇంకా ఒక సింహళ మాట నేర్చుకుని వెళ్లండి, నవత్తన్న, అంటే ఆపండి అని. మా బాబు ఇప్పటికీ ఆటో ఎక్కితే అదే అంటున్నాడు.