మిక్సీ ఆగితే జోకు కూడా ఆగాలి

బ్రాండ్ కోసం కామెడీ స్కిట్ రాసినప్పుడు నేను చూసే పరీక్ష ఒకటే. వస్తువును తీసేసినా జోకు నిలబడుతోందా? నిలబడితే జనం నవ్వుకుంటారు, బ్రాండ్ పేరు మాత్రం గుర్తుండదు.

చప్పుడు తక్కువ చేసే మిక్సీ అమ్మాలనుకోండి. భార్య పాత మిక్సీలో పచ్చడి వేస్తోంది. ఆ హోరులో వినపడదన్న ధైర్యంతో భర్త వెనక నుంచి "మీ అమ్మ పులిహోరలో ఎప్పుడూ ఉప్పెక్కువే" అంటాడు. ఆమె తిరగదు. మర్నాడు కొత్త మిక్సీ వచ్చింది, అతనికి తెలీదు. "మీ అన్నయ్య తీసుకున్న ఐదువేలు ఇక వచ్చినట్టే!" అంటాడు. ఆమె మెల్లగా తిరిగి, "ఇంకా?" అంటుంది. అక్కడితో కట్. ఇందులో మిక్సీ లేకపోతే కథే లేదు.

ఇది 30 సెకన్లలో అయిపోవాలి. మొదటి ఫ్రేములోనే మిక్సీ తిరుగుతుండాలి, లోగోతో మొదలుపెట్టొద్దు. "ఇంకా?"కి ముందు ఒక సెకను నిశ్శబ్దం ఉంచాలి. నిడివి తగ్గించమనగానే ఎడిటింగులో ముందు ఎగిరిపోయేది అదే, దాంతో నవ్వు కూడా పోతుంది.

డైలాగులు మిక్సీ ఆపి రికార్డు చేసి, చప్పుడు తర్వాత కలపండి. అయితే పాత, కొత్త మిక్సీల చప్పుడు ఒకే మైకుతో, ఒకే దూరం నుంచి, ఒకే రికార్డింగ్ లెవెల్లో, జార్లో ఒకే సరుకు వేసి తీయాలి. కొత్తదాని వాల్యూమ్ ఎడిటింగులో తగ్గిస్తే అది కొనేవాళ్లను మోసం చేయడమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను ఒప్పుకోదు.

చాలామంది సౌండ్ ఆపి చూస్తారు కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. పాత మిక్సీకి "గర్ర్ర్" అని పెద్ద అక్షరాల్లో, కొత్తదానికి చిన్న అక్షరాల్లో వేస్తే మ్యూట్‌లోనూ జోకు అందుతుంది. రీల్స్‌లో 1080×1920 ఫ్రేము కింది దాదాపు మూడో వంతును క్యాప్షన్, బటన్లు కప్పేస్తాయి, అక్షరాలు దానికి పైనే ఉండాలి.

అసలు గొడవ అప్రూవల్ దగ్గర వస్తుంది. "750 వాట్స్, మూడు జార్లు, వారంటీ కూడా చెప్పించండి" అంటారు బ్రాండ్ వాళ్లు. భర్త నోట వాట్స్ మాట వచ్చిందంటే అతను భర్త కాదు, సేల్స్‌మన్. ఆ వివరాలన్నీ క్యాప్షన్లో పెడదామని స్క్రిప్టు దశలోనే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. మార్పులు రెండు విడతలే అనీ, రీషూట్‌కు డబ్బు వేరే అనీ అందులోనే రాయించండి.

ఇన్‌ఫ్లుయెన్సర్ పేజీలో వేస్తుంటే ఇది ప్రకటన అనే లేబుల్ ఉండాలి. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ (ASCI) నిబంధన ప్రకారం 15 సెకన్లలోపు వీడియోలో కనీసం 3 సెకన్లు, 15 సెకన్లు దాటి రెండు నిమిషాల్లోపు ఉంటే నిడివిలో మూడో వంతు అది కనిపించాలి. అంటే మన స్కిట్‌కు 10 సెకన్లు. ట్రెండింగులో ఉంది కదా అని సినిమా పాట వేయకండి, ప్రకటనకు దాని లైసెన్సు వేరే తీసుకోవాలి.

పోస్టు చేశాక రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఏ సెకనుకు ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గ్రాఫ్ తెరవండి. మొదటి మూడు సెకన్లలోనే జనం జారిపోతే ఓపెనింగ్ షాట్ మార్చాలి. కొత్త మిక్సీ రాగానే పోతుంటే వస్తువు జోకులో కలవలేదన్నమాట, ఎడిటింగ్ జోలికి పోకుండా స్క్రిప్టే మళ్లీ రాయండి.