బెంగళూరు చుట్టూ ఏ కొండ ఎక్కువ నిటారు?

బెంగళూరు చుట్టుపక్కల కొండల్లో అన్నిటికన్నా నిటారైనది ఏదని ఆఫీసులో లంచ్ టైంలో మొదలైన వాదన ఎంతకీ తెగలేదు. ఒకరు నందికొండ అంటారు, ఇంకొకరు సావనదుర్గ అంటారు, అంతా ఎవరి మోకాళ్లు ఎక్కడ నొప్పెట్టాయో దాన్నిబట్టి. ఎత్తుల డేటా ఉచితంగానే దొరుకుతుంది కదా, లెక్క కట్టేద్దాం అని కూర్చున్నా.

నేను తీసుకున్నది ఎస్ఆర్‌టీఎం డేటా, అంటే అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తులు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచింది, నేలంతా సుమారు 30 మీటర్ల గడులుగా ఉంటుంది, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్లోప్ (వాలు) నొక్కితే రంగుల పటం వచ్చేస్తుంది, కానీ ముందు దాన్ని యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొట్టి దూరాలను మీటర్లలో చూపే పద్ధతి) జోన్ 43లోకి మార్చుకోవాలి. ఎందుకంటే ఫైల్లో దూరాలు డిగ్రీల్లో, ఎత్తులు మీటర్లలో ఉంటాయి. అలాగే వదిలేస్తే మారతహళ్లి రోడ్డు కూడా గోడలా కనబడొచ్చు (ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు అలాగే అనిపిస్తుందనుకోండి).

అసలు తలనొప్పి ఆ తర్వాత. 100 మీటర్ల నిలువు బండ ఉందనుకుందాం. ఒక్కో గడి వాలు చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అటు గడి, ఇటు గడి ఎత్తుల తేడా చూస్తుంది, అంటే 60 మీటర్ల దూరంలో 100 మీటర్ల తేడా, అంటే 59 డిగ్రీలు. కళ్లెదుట 90 డిగ్రీలున్న బండ పటంలో 59కి దిగిపోయింది! అందుకే ‘ఈ కొండలో అత్యధిక వాలు ఇంత’ అని ఒక్క గడిని పట్టుకుని ర్యాంకు ఇచ్చేవాళ్ల మాట నేను నమ్మను.

దానికి బదులు శిఖరం చుట్టూ ఒక వలయం గీసి, శిఖరం ఎత్తులోంచి వలయం మీది సగటు ఎత్తు తీసేసి, వచ్చినదాన్ని వలయం వ్యాసార్థంతో భాగించా; అంకె ఎంత పెద్దదైతే కొండ అంత నిటారు. ఇక్కడే తమాషా. నందికొండ తల బల్లపరుపు, కోటా గుడీ తోటలూ అన్నీ పైనే, కాబట్టి 300 మీటర్ల వలయంలో వెనకబడిపోతుంది; వలయం కిలోమీటరుకు పెంచితే అంచు దాటి కింది నేల తగులుతుంది, అప్పుడు పుంజుకుంటుంది. సావనదుర్గ అలా కాదు, 1,226 మీటర్ల గ్రానైట్ బండ, దాని రెండు గుట్టల్లో ఒకటైన కరిగుడ్డ వైపు మెట్లు కూడా లేవు, బండ మీద వేసిన బాణం గుర్తులు చూసుకుంటూ పోవాలి. నంది 1,478 మీటర్లంటే ఘనంగానే వినిపిస్తుంది గానీ, మన ఊరే 900 మీటర్ల మీద కూర్చుంది, ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

కాబట్టి ‘ఎంత దూరంలో?’ అని అడగకుండా ‘ఏది నిటారు?’ అని అడిగితే జవాబు లేదు. పడమటి కనుమల్లోని కుమారపర్వతాన్నే చూడండి. కింద ఉన్న కుక్కే ఊరి నుంచి సుమారు 13 కిలోమీటర్ల దారి, 1,600 మీటర్ల ఎక్కుడు, సగటు తీస్తే గట్టిగా 7 డిగ్రీలు. ఎక్కొచ్చినవాళ్ల ముందు ఈ అంకె చెప్పి చూడండి, కొడతారు.

మదనపల్లె వైపు స్నేహితులు హార్స్‌లీ కొండ ఎందుకు లేదని గొడవ చేస్తున్నారు. అది 78 డిగ్రీల రేఖాంశం దాటి జోన్ 44లో పడింది, దాన్ని విడిగా చేసి చేరుస్తా, కాస్త ఆగండి బాబూ.