డ్యూటీ దిగి పాన్‌యార్డుకి

లండన్ ఆసుపత్రిలో నాతోపాటు నర్సుగా చేసే, కరీబియన్ దీవి ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఆవిడ జులై, ఆగస్టుల్లో వీలైనంత వరకు నైట్ డ్యూటీలు వేయించుకోదు. సాయంత్రాలు స్టీల్‌బ్యాండ్‌లో వాయించాలి మరి. ఓసారి నన్నూ వెంట తీసుకెళ్లింది.

స్టీల్‌బ్యాండ్‌లో వాయించే వాద్యం పేరు పాన్. పాన్ అంటే ఆయిల్ డ్రమ్మే. దాని అడుగుని సుత్తితో గుంటగా సాగగొట్టి, కాల్చి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా శ్రుతి చేస్తారు. 1880లలో ట్రినిడాడ్‌లో తెల్లదొరలు వీధుల్లో డప్పుల మోత మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగులు అందుకున్నారు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బాలు, చివరికి పీపాలు. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో వాయించడానికి అక్కణ్ణుంచి ఒక బ్యాండ్ వచ్చింది. వాళ్లలో స్టెర్లింగ్ బెటాన్‌కోర్ట్ ఇక్కడే ఉండిపోయాడు. 1966లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో పిల్లల పండగ జరుగుతుంటే రసెల్ హెండర్సన్ అనే మరో ట్రినిడాడ్ వాద్యకారుడూ, ఇతనూ మరికొందరూ పాన్‌లు మెడకి తగిలించుకుని వీధిలోకి నడిచారు. జనం వెంట కదిలారు. ఇప్పటి నాటింగ్ హిల్ కార్నివాల్ ఊరేగింపుకి అదే మొదలంటారు.

పాన్‌యార్డులో, అంటే బ్యాండ్ సాధన చేసే చోట, నేను చూసింది మాత్రం పండగ కాదు, సాధన. కాగితాల్లేవు, అంతా చెవితోనే. ఒకరు నాలుగు స్వరాలు వాయిస్తే మిగతావాళ్లు వచ్చేదాకా అదే అదే. పక్కన ఒకాయన పాత కారు బ్రేక్ డ్రమ్ముని ఇనప కడ్డీతో కొడుతూ లయ నిలబెడుతున్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు, బడిపిల్ల ఒకే వరసలో ఉన్నారు. ఆ పిల్ల తడబడితే పెద్దాయన పుల్లలు ఆపి ఎదురుచూశాడు. ఆగస్టు ఆఖర్లో, కార్నివాల్‌కి ముందు శనివారం, పనోరమా అనే స్టీల్‌బ్యాండ్‌ల పోటీ. ఎవరికీ పైసా రాదు. కానీ బేస్ వరసలో ఒకరు రాకపోతే పాట కుంటుతుంది. అందుకని జ్వరమొచ్చినా వస్తారు. నర్సుగా దీన్ని మెచ్చుకోకూడదనుకోండి.

ఇక్కడ నేను బయటిదాన్ని అంటే ఆవిడ నవ్వి జిత్ సమరూ పేరు చెప్పింది. ఓడల్లో కూలీలుగా వెళ్లిన భారతీయుల సంతతి. ఆయన కూర్చిన బాణీలతో రెనగేడ్స్ బ్యాండ్ ట్రినిడాడ్ పనోరమాని 9 సార్లు గెలిచింది.

మనమూ ఉగాదికి హాలు మాట్లాడతాం, ఇండియా నుంచి గాయకుణ్ణి రప్పిస్తాం, పులిహోర తిని ఇళ్లకు పోతాం. మనమే వాయించేది ఏదైనా ఉంటే బావుంటుందని సంఘం మీటింగులో అన్నాను. వారం వారం రిహార్సల్‌కి ఎవరొస్తారండీ, పైగా అక్కడ పార్కింగ్ ఉండదు అన్నారు.