కారు మోత తగ్గాలంటే డ్యాంపింగ్ షీట్లు చివర్లోనే

కారు గలగలమంటోందని నేరుగా యాక్సెసరీస్ షాపుకి వెళ్తే, వాళ్లు చూపించేది రేకుకి లోపలి వైపు అంటించే డ్యాంపింగ్ షీట్లే. నాలుగు డోర్లకీ వేయించినా గలగల పోదు. ఆ షీటు రేకు అదురుని తగ్గిస్తుంది తప్ప వదులైన క్లిప్పుని బిగించదు. చాలా కార్లకి ముందు కావాల్సింది ఒక ఫెల్ట్ టేపు (మెత్తటి గుడ్డ టేపు) చుట్ట, ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక.

చప్పుడు ఎప్పుడు వస్తోందో ముందు తేల్చుకోండి. ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు ఎక్కించి, మన విశాఖలో తెలుగు తల్లి ఫ్లైఓవర్ జాయింట్ల మీదుగా 30–40 వేగంలో వెళ్తే గలగలలన్నీ బయటపడతాయి. టైరు హోరు వినాలంటే భీమిలి బీచ్ రోడ్డులో నున్నగా ఉన్న చోట 60లో వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లు అనుమానం ఉన్న చోటల్లా అరచేత్తో నొక్కుతూ రావాలి. ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే. బండి నడిపేవాళ్లు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

అంతకంటే ముందు గ్లవ్ బాక్సు, డోర్ పాకెట్లు, డిక్కీ ఖాళీ చేసి ఒకసారి తిరిగి రండి. జాకీ, వీల్ స్పానర్, స్టెప్నీని పట్టి ఉంచే బోల్టు, ప్లాస్టిక్‌కి కొట్టుకునే వెనక సీటు బెల్టు బకిల్... చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. వెనక సీటు లాక్ అయ్యే ఇనప కొక్కేనికి ఫెల్ట్ టేపు ఒక్క చుట్టు చాలు. పార్సిల్ ట్రే అంచులకీ అదే మందు. నంబర్ ప్లేటు వెనక రెండు ఫోమ్ ముక్కలు అంటించండి. బోనెట్ మూలల్లోని రబ్బరు స్టాపర్లు తిప్పితే పైకీ కిందకీ కదులుతాయి. మూసిన బోనెట్ మూల నొక్కితే ఆడుతుంటే, అర చుట్టు చొప్పున పైకి తిప్పుతూ చూడండి. మరీ పైకి లేపితే లాక్ సరిగ్గా పడదు కాబట్టి ప్రతిసారీ లాగి చూసుకోవాలి.

ఎ-పిల్లర్ (ముందు అద్దం పక్కనున్న స్తంభం) ప్లాస్టిక్‌ని మాత్రం ఊడదీయకండి. చాలా కార్లలో దాని వెనకే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడో, ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమేనో కింద నుంచి "జర్ర్" మంటే అది చాలావరకు సైలెన్సర్ వేడిని అడ్డుకునే రేకు, అంటే హీట్ షీల్డ్. మన సముద్రపు గాలికి బోల్టు తల చుట్టూ రేకు తుప్పు పట్టి, రంధ్రం పెద్దదై, షీల్డ్ వేలాడుతుంది. పైపు పూర్తిగా చల్లారాక స్టెయిన్‌లెస్ స్టీల్ పెద్ద వాషర్ వేసి బిగించాలి. బోల్టే విరిగిపోతే పొడవాటి హోస్ క్లిప్ షీల్డ్ చుట్టూ వేసి బిగిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ టై వేడికి కరిగిపోతుంది. కొందరు మెకానిక్‌లు షీల్డే పీకేసి "ఇక మోత ఉండదు సార్" అంటారు. నిజమే, ఉండదు. ఆ వేడంతా ఫ్లోర్‌కీ వైర్లకీ తగులుతుంది.

చిన్న గుంతలకే "టక్ టక్" మంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, బుష్‌లు మెకానిక్‌కి చూపించండి. ఒకవైపు మలుపులో హోరు పెరిగి, రెండో వైపు తిప్పితే తగ్గితే వీల్ బేరింగ్‌ని అనుమానించాలి. ఈ రెంటినీ టేపుతో కప్పిపుచ్చకూడదు.

వేగం పెరిగితే వచ్చే ఈల చాలావరకు డోర్ బీడింగ్‌ది, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరుది. విజిటింగ్ కార్డు మందాన కాగితం పెట్టి డోర్ మూసి లాగండి. సులువుగా వచ్చేసిన చోట రబ్బరు పట్టడం లేదు. తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పెట్రోలియం గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అదనపు బీడింగ్ అంటిస్తే సన్నదే తీసుకోండి, లావుదైతే డోర్ మూసేందుకు బాదాల్సి వస్తుంది.

రోడ్డు హోరులో సింహభాగం టైర్లదే. గాలి డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. మైలేజీ కోసం నాలుగైదు పీఎస్ఐ అదనంగా ఎక్కించినా హోరు పెరుగుతుంది. ట్రెడ్ (టైరు రోడ్డుకి తగిలే ముఖం) మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ రాయండి. ఒకవైపు రాస్తే నున్నగా, రెండోవైపు రాస్తే రంపంలా తగిలితే అలైన్‌మెంట్, రొటేషన్ (టైర్ల చోట్లు మార్చడం) అవసరం. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 2319 అంటే 2019లో 23వ వారం. ముదిరిన రబ్బరు గట్టిపడి ఇంకా మోగుతుంది.

ఇవన్నీ అయ్యాకే షీట్లు. అల్యూమినియం రేకు ఉన్న 2 మి.మీ. బ్యూటైల్ రబ్బరు షీటు తీసుకోండి. ఇళ్ల కప్పుకి వేసే తారు షీటు వద్దు, మే నెల ఎండలో నిలిపిన కారులో మెత్తబడి జారుతుంది, వాసనా వస్తుంది. రేకు మొత్తం కప్పక్కర్లేదు. మధ్యలో పావు వంతు నుంచి మూడో వంతు వరకు చాలు. వేలి కణుపుతో కొడితే "డంగ్" పోయి "డబ్" రావాలి. మొదట వీల్ ఆర్చ్ (చక్రం పైనున్న వంపు) లోపలి వైపు, డిక్కీ నేల చేయించండి, డోర్లు తర్వాత.

డోర్లో అద్దం పూర్తిగా దించినా షీటుకి తగలకూడదు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూస్తే ఈ ఊరి తేమకి డోర్ లోపల్నుంచే తుప్పు పడుతుంది. నీళ్లు కారు లోపలికి రాకుండా డోర్ ట్రిమ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటు కోసి పారేయనివ్వకండి, తిరిగి అంటించాల్సిందే. పని అయ్యాక షాపులోనే అద్దం మీద మగ్గుతో నీళ్లు పోసి, కింద నుంచి బయటికి కారుతున్నాయా, మ్యాట్ తడుస్తోందా చూసుకుని డబ్బులివ్వండి.