ముందు ఫణిగిరి, ఆ తర్వాతే సాగర్

నాగార్జునసాగర్‌లో బుద్ధుడి మీద కట్టిన పార్కు, బుద్ధవనం, చూడాలనుకునే వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే, ముందు పాత బౌద్ధ క్షేత్రమైన ఫణిగిరి గుట్ట ఎక్కండి. మా అమ్మకి బుద్ధుడంటే భక్తి, ఆమె అడిగితేనే బతుకమ్మ సెలవుల్లో బయల్దేరాం. సూర్యాపేట నుంచి జనగామ రోడ్డు పట్టుకుని అర్వపల్లి దాటి లోపలికి తిరిగితే ఊరు, ఊరి పక్కనే పాము పడగలాంటి గుట్ట. ఆ ఆకారం వల్లే ఫణిగిరి అనే పేరు వచ్చిందంటారు. దారంతా తంగేడు పూసి ఉంది.

పైన శిథిలమైన మహాస్తూపం (బుద్ధుడి గుర్తుగా కట్టిన పెద్ద గుండ్రటి కట్టడం), చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువులు ఉన్న గదుల పునాదులు, ఒక మండపం తాలూకు రాతి స్తంభాలు ఉన్నాయి. పూజారి లేడు, హారతి లేదు. అమ్మ కాసేపు అలాగే నిలబడి, చెప్పులు విడిచి, స్తూపం చుట్టూ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. భిక్షువులు ఇక్కడున్న కాలంలో వచ్చినవాళ్లు చేసిన పూజ కూడా అదే, ప్రదక్షిణ. ఎవరూ చెప్పకుండానే ఆమె కాళ్లు అటు నడిచాయి, నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కింద బిక్కేరు వాగు, అది పోయి మూసీలో కలుస్తుంది. నీళ్లు దగ్గర, భిక్షకి ఊళ్లు దగ్గర, వ్యాపారులు తిరిగే దారి దగ్గర, వానాకాలం ఒకేచోట ఉండాల్సిన భిక్షువులకి ఇంతకంటే ఏం కావాలి? నిజాం కాలంలో, 1940లలో ఇక్కడ మొదట తవ్వారు. ఇక్కడ దొరికిన రాతి తోరణానికి రెండు వైపులా శిల్పాలే, 2023లో అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లింది. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంవి, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తులాంటిది). ఇంత సంపద మన పాత నల్గొండ జిల్లాలో ఉంటే మనలో ఎంతమందికి తెలుసు?

మర్నాడు సాగర్ వెళ్లాం. బుద్ధవనం 274 ఎకరాలు, 2022లో తెరిచారు. జాతక కథల (బుద్ధుడి పూర్వజన్మల కథల) వనం, శ్రీలంకలోని అవుకన అనే చోట ఉన్న బుద్ధ విగ్రహానికి ఆ దేశం వాళ్లు ఇచ్చిన 27 అడుగుల ప్రతిరూపం, అన్నీ బాగున్నాయి. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం ముందు అమ్మ ఆగి, "నిన్న మనం చుట్టూ తిరిగింది నిండుగా ఉన్నప్పుడు ఇట్లుండేదన్నమాట బిడ్డా" అంది. ఫణిగిరి చూడకుండా నేరుగా వచ్చుంటే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు.

గుట్ట మీద నీడ తక్కువ, పొద్దున్నే ఎక్కండి, నీళ్లు పట్టుకెళ్లండి. దయచేసి ఫొటోల కోసం ఆ రాళ్ల మీదికి ఎక్కకండి.